కందిరీగ ఒకటో నంబరు

నాకు మా షడ్డకుడు జాషువా అంటే కుళ్లు. ఇప్పటిది కాదు, పద్దెనిమిదేళ్ల కుళ్లు. సంఘపెద్దగా ఆదివారం ఆదివారం మందిరంలో ముందు వరసలో కూర్చుంటాను గానీ, ఈ సంగతి మా పాస్టర్ స్తెఫను గారికి కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

నేను హెప్సిబాను చేసుకున్న ఆరేళ్లకు ఆమె చెల్లెలు స్తుతిని జాషువా చేసుకున్నాడు. దమ్మపేటలో టెంట్ హౌస్ అతనిది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాడు. నేను కొత్తగూడెంలో గనుల సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. భూమి కింద ఏ దారి ఎటు పోతుందో మ్యాపు గీసేవాణ్ని. చదువులో, ఉద్యోగంలో, నలుగురిలో మాట్లాడటంలో నేనే మేలు. అయినా కోడి కోసిన రోజు మా అత్త ముత్యాలమ్మ లెగ్ పీసు వెతికి మరీ వేసేది జాషువా ప్లేట్లోనే. "నీకు పండ్లు మంచిగ లేవు గద బిడ్డా, మెత్తటిది తిను" అంటుంది నాతో. నా పళ్లకేం కాలేదు, ముప్పై రెండూ గట్టిగానే ఉన్నాయి.

అత్తగారింట్లో అతనిదే పైచేయి అయితే అయింది, ఒక్కదాంట్లో మాత్రం నా దరిదాపులకు రాలేడని ధైర్యంగా ఉండేవాణ్ని. అది నా ప్రింట్ల సంగతి.

గోడల మీద స్ప్రే డబ్బాలతో బొమ్మలు వేసే ఆర్టిస్టులుంటారు. గ్రాఫిటీ అంటారు దాన్ని. గోడను ఇంటికి మోసుకుపోలేం కాబట్టి, అదే బొమ్మను వాళ్లు మందపాటి కాగితం మీద అచ్చు వేసి అమ్ముతారు. పెళ్లి పత్రికలకు వాడే స్క్రీన్ ప్రింటింగే, కాకపోతే ఓపిక ఎక్కువ. ముప్పయ్యో నలభయ్యో వేసి ఆపేస్తారు. ఒక్కోదాని కింద పెన్సిల్‌తో గుర్తు పెట్టి నంబరు వేస్తారు, నలభైలో ఏడు, నలభైలో పన్నెండు అని. తర్వాత స్క్రీన్ చింపేస్తారు. ఇక నెత్తీ నోరూ కొట్టుకున్నా నలభై ఒకటోది రాదు. నాకు నచ్చింది ఆ సంగతే. నా దగ్గరుండి పక్కవాడి దగ్గర లేని వస్తువు ఒకటుందన్న సుఖం ఎలాంటిదో, అనుభవిస్తే గానీ తెలియదు.

పన్నెండేళ్లలో అలాంటివి ఇరవై మూడు కూడబెట్టాను. వెడల్పాటి చెక్క సొరుగులు చేయించి, మధ్య మధ్య పలుచటి కాగితం పరిచి వాటిని పడుకోబెట్టాను. చెమట చేతులతో ఎవరూ ముట్టకూడదు. బొమ్మ ముఖం మీద ఒక్క గీత పడిందా, ఆ ప్రింటు పని అయిపోయినట్టే. ఆర్టిస్టు చేతి పక్కన ఇంకో చెయ్యి పడితే దాన్ని కలెక్టరన్నవాడు కన్నెత్తి చూడడు. ఒకసారి హెప్సిబా ఆ సొరుగు మీద కాగితం పెట్టుకుని సామాన్ల చీటీ రాస్తుంటే నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు గేటు దాకా వచ్చారు.

జాషువా వాటిని మొదటిసారి చూసినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"అన్నా, గీళ్లు గోడల మీద గీసేటోళ్లే గదా. పోలీసోళ్లు పట్టుకపోరా?"

"పట్టుకపోతరు."

"మరి గా దొంగబొమ్మల్ని గింత పైలంగ దాస్తున్నవేంది?"

అందరూ నవ్వారు. మా అత్త అందరికంటే గట్టిగా నవ్వింది.

ఇక రూప్లి గురించి చెప్పాలి. ఏన్కూరు దగ్గర తండా పిల్ల. హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, ఫ్లైఓవర్ల కింద స్తంభాల మీద బొమ్మలు వేసి పేరు తెచ్చుకుంది. బొమ్మ కింద పేరు రాయదు, మూలన చిన్న కందిరీగను గీస్తుంది. అందుకని అందరూ ఆమెను కందిరీగ అనే అంటారు. పోయినేడు వాళ్ల తండాకు వచ్చి వాటర్ ట్యాంకు గోడ మీద ఒక బొమ్మ వేసింది. మందిరం అయ్యాక బండేసుకుని వెళ్లి చూశాను. అద్దాల రవిక, మోచేతుల పైదాకా గాజులు వేసుకున్న ముసలమ్మ, సిగ్నల్ కోసం ఫోనును ఆకాశానికి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. మా అడవి అంచు ఊళ్లలో ఇది రోజూ కనపడేదే. సిగ్నల్ అందే చోటు ఊరికి ఒకటో రెండో ఉంటుంది, అందరూ అక్కడికే పోయి మాట్లాడాలి. కానీ ఆ ముసలమ్మ ముఖం చూస్తుంటే అవతల ఎవరు ఎత్తాలో, ఎన్నాళ్లుగా ఎత్తడం లేదో కూడా తెలిసిపోతోంది. ఎండలో గంటసేపు నిలబడ్డాను. నాకు కళ్లనీళ్లొచ్చాయి. సొరుగుల్లో ఉన్న ఇరవై మూడూ ఇచ్చేసినా సరే, ఇది నాకు కావాలనిపించింది.

ఆ బొమ్మనే ప్రింటుగా వేస్తున్నట్టు ఈ ఏడు కబురొచ్చింది. నలభై మాత్రమే. ఆదివారం పదకొండు గంటలకు ఆన్‌లైన్లో పెడతారట. ఆదివారం పదకొండంటే మాకు ఆరాధన మధ్యలో ఉంటుంది. జీవితంలో మొదటిసారి వెనక వరసలో కూర్చున్నాను. బైబిలు తెరిచి, కీర్తనల మధ్య ఫోను పెట్టుకున్నాను. పదకొండుకు నిమిషం తక్కువ. వేలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను. సరిగ్గా అప్పుడే స్తెఫను గారు ముందు నుంచి తలెత్తి చూసి, "వెనక కూర్చున్న సుకుమార్ గారు ఇప్పుడు కానుకల కోసం ప్రార్థన చేస్తారు" అన్నారు.

సంఘమంతా లేచి నిలబడింది. నేనూ లేచాను. అంత పొట్టి ప్రార్థన మా సంఘంలో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. "ఆమెన్" అని కూర్చుని చూసేసరికి నలభై అయిపోయాయి.

ఆ మధ్యాహ్నం మా అత్తగారింట్లో భోజనాలు. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. జాషువా ఎదురుగా కూర్చుని, ఏమైందని అడిగాడు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఒక్కటి గూడ మిగల్లేదా అన్నా?"

"మిగల్లే."

"మరి ఆమెనే అడగరాదూ?"

"నాలుగు మెసేజ్‌లు పెట్టిన. జవాబు లేదు." ఈ మాట చెప్పడం నాకు ఎంత నామోషీగా ఉందో అతనికి తెలియదు. కంచం పక్కన పెట్టి లేచాను. అతను ఎముక చప్పరిస్తూ నా కంచం వైపు చూశాడు.

అప్పటికి కొత్తగూడెం శివార్లలో మా కొత్తిల్లు పూర్తయింది. ఇంటి ప్రార్థనకు ఇంకా పది రోజులుందనగా జాషువా తన ట్రాలీ ఆటోలో వచ్చాడు. నడిపేది జంపయ్య, జాషువా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న డ్రైవరు. షామియానా కోసం వాకిలి కొలుస్తానన్నాడు జాషువా. టేపు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ట్రాలీలోంచి పొడుగాటి అట్ట గొట్టం ఒకటి తీసుకుని లోపలికి వచ్చి, నా డ్రాయింగ్ టేబుల్ మీద మూత విప్పాడు.

కాగితం విచ్చుకుంది. ముసలమ్మ. అద్దాల రవిక. మూలన కందిరీగ. దాని పక్కన పెన్సిల్‌తో నలభైలో ఒకటి.

ఏదో ఒక నంబరు కాదు. ఒకటి.

"ఎక్కడిది?" అన్నాను.

"రూప్లి ఇచ్చింది అన్నా. వాళ్లక్క జమ్లి పెండ్లికి టెంటు మాదే. భోజనాల టైముకు గాలిదుమారం లేచింది. టెంటు పోతదేమోనని అందరు తినేదాక గుంజ పట్టుకొని నిలబడ్డ. గది ఆమె ఇంక యాది పెట్టుకున్నది. ఫోన్ చేసిన. ఒకటో నంబరు అమ్మకుండ తన కోసం దాసుకున్నదట. 'జాషువన్నా, నువ్వడిగితే ఇయ్యకుంట ఎట్లుంట' అన్నది."

నేను పన్నెండేళ్లు కళ్లు కాయలు కాచేలా చూసినా దక్కనిది, అతనికి ఒక గుంజ పట్టుకుని నిలబడినందుకు వచ్చింది. నాలుగు మెసేజ్‌లకు లేని జవాబు అతని ఒక్క ఫోనుకు వచ్చింది. దొంగబొమ్మలని నవ్వినవాడి చేతిలో ఒకటో నంబరు. ఒళ్లంతా మంటలు పుట్టాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నిమిషంలో ట్రాలీ ఆటోతో సహా అతను ఏ వాగులోనో పడిపోతే బాగుండుననిపించింది.

"మంచిగున్నది గదా?" అన్నాడు.

"మంచిగున్నది."

"నువ్వు ముత్యాల్లెక్క రాస్తవ్ గద. దీని మీద మా పేర్లు రాయి అన్నా. జాషువా, స్తుతి అని."

నా చేతిరాత సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. పెళ్లికైనా, ఇంటి ప్రార్థనకైనా గిన్నె కొంటే ముందు నా దగ్గరికే తెస్తారు. నేను పెన్నుతో పేర్లు రాసిస్తే, గిన్నెల కొట్టువాడు దాని మీదుగా మిషనుతో చెక్కుతాడు. కాబట్టి అడగడం వింత కాదు. పైగా జాషువాకు తన వస్తువు దేని మీదైనా పేరు ఉండాల్సిందే. కుర్చీ వీపు మీద, గరిటె కాడ మీద, చివరికి నీళ్ల డ్రమ్ము మూత మీద కూడా జాషువా టెంట్ హౌస్ అని ఉంటుంది. ఇదీ ఆ లెక్కలోదే అనుకున్నాను.

"ముందల రాస్తె మంచిదా, ఎనకనా?" అన్నాడు. "నీకెర్క గద ఇయ్యన్ని."

దవాఖానాలో డాక్టరు ముఖంలోకి చూసినట్టు నా ముఖంలోకి చూశాడు. ఏం చెబితే అది వినడానికి సిద్ధంగా ఉన్నాడు. ముందు రాయకూడదు, వెనక పెన్సిల్‌తో సన్నగా రాద్దాం అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఆ మాట నోటి దాకా వచ్చింది. దాన్ని మింగాను.

"ముందలనే" అన్నాను. "ఎనక రాస్తే ఎవరికి కనబడ్తది?"

"గదే స్తుతి గూడ అన్నది."

టేబుల్ మీద పెన్సిళ్లున్నాయి. వాటిని దాటి నల్లటి పర్మనెంట్ మార్కర్ తీసుకున్నాను. తుడిస్తే పోనిది, కడిగితే పోనిది. కందిరీగ పక్కన, ఒకటో నంబరుకు ఆనుకుని, జాషువా – స్తుతి అని రాశాను. దేవుడు నన్ను క్షమించాలి, నా చేయి కొంచెం కూడా వణకలేదు. నా సర్వీసు మొత్తంలో అంత చక్కటి అక్షరాలు నేను రాయలేదు.

"అబ్బ, అచ్చు గుద్దినట్టుంది అన్నా" అన్నాడు జాషువా. "కింద జర జాగ ఉన్నది గదా? స్తుతి ఇంకేదో రాస్తదట."

"ఉన్నది. ఎంతన్న రాసుకోమను."

పిల్లల పేర్లనుకున్నాను. రాసుకోనీ, ఇంటిపేరు, ఫోను నంబరు కూడా రాసుకోనీ అనుకున్నాను. అతను సిరా ఆరేదాకా ఊది, ఎంతో పైలంగా చుట్టి, గొట్టంలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. ఏంది సంగతి, ఇయ్యాల ఖుషీగున్నవ్ అంది హెప్సిబా.

ఖుషీ పది రోజులుంది. మధ్యలో ఒకటో నంబరు గుర్తొచ్చి కడుపు మండినప్పుడల్లా నల్లటి అక్షరాలు తలచుకునేవాణ్ని. మంట చల్లారేది.

ఇంటి ప్రార్థన నాడు పొద్దున్నే షామియానా వేసేశాడు జాషువా. ఎర్రటిది, కొత్తది, అప్పటిదాకా ఎవరి ఇంటి ముందూ వేయనిది. స్తెఫను గారు గడప దగ్గర ప్రార్థన చేసి, గది గదికీ తిరిగి వాక్యం చదివారు. పాట అయింది. బహుమతులు మొదలయ్యాయి. గిన్నెలు, గోడ గడియారాలు, ఒక మిక్సీ. అన్నింటి మీదా నేను రాసిన పేర్లే. చివర్లో జాషువా, స్తుతి ఇద్దరూ పట్టుకుని వెడల్పాటి అట్టపెట్టె ఒకటి తెచ్చారు. దాని చుట్టూ కట్టిన రిబ్బన్‌ను మా అత్తతో విప్పించారు.

ఫ్రేము కట్టించిన అద్దం వెనక ముసలమ్మ ఫోను ఎత్తి పట్టుకుని ఉంది.

"మా అన్నకు గీ బొమ్మంటే పానం" అన్నాడు జాషువా అందరితో. "గా రోజు దొరకలేదని అత్తమ్మ ఇంట్ల సగం అన్నం తిని లేసిండు. నేను చూసిన. ఇగ నాకు మనసున పట్టలే."

స్తుతికి నవ్వు ఆగడం లేదు. "ఇంకో సంగతి. మా పేర్లు బావతోటే రాయించినం. తనకిచ్చే దాని మీద తనే రాసిండు, బావకు ఇప్పటిదాక తెల్వదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నా అక్షరాల కింద స్తుతి గుండ్రటి రాతలో ఇంకో వరస ఉంది. బావకు, అక్కకు, కొత్తింటికి ప్రేమతో.

మాలో బహుమతి మీద రాసేది ఇచ్చేవాళ్ల పేరే. ముప్పై ఏళ్లుగా నేను రాసినవన్నీ ఇచ్చినవాళ్ల పేర్లే. ఎవరు గిన్నె తెచ్చినా, పేర్లు రాయమంటే, ఎవరింటికి ఇస్తున్నారు అని మాటవరసకు అడిగేవాణ్ని. పది రోజుల్లో నా ఇంటి ప్రార్థన పెట్టుకుని, నా టేబుల్ మీద పరిచిన దాని మీద ఆలుమగల పేర్లు రాయమంటే, ఎవరికి అని అడగాలని నాకు తోచలేదు. కుళ్లు కళ్లకు అంత అడ్డం పడింది.

స్తెఫను గారు మేకు కొట్టించారు. బొమ్మ హాల్లో గోడకెక్కింది. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. "బొమ్మ సంగతేమో గానీ రాత మాత్రం బ్రహ్మాండం" అన్నారొకాయన. హెప్సిబా అందరూ పక్కకు పోయేదాకా ఆగి దగ్గరికొచ్చింది.

"నువ్వే రాసినవా?"

"అవ్."

"నల్ల మార్కర్‌తోనా?"

"అవ్."

నా వైపు ఒకసారి చూసి బిర్యానీ వడ్డించడానికి వెళ్లిపోయింది. ఆ చూపు తర్వాత నాకు అక్కడ కాలు నిలవలేదు.

భోజనాలయ్యాక ఇంటి వెనక జాషువా ఒక్కడే కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. నన్ను చూసి నవ్వాడు.

"ఏందన్నా, బొమ్మ దగ్గర ఉండక ఇటొచ్చినవ్?"

"జాషువా, దాని మీద రాయొద్దు" అన్నాను. "ముందల అసలే రాయొద్దు. రాస్తే గా ప్రింటు పాడైనట్టే లెక్క."

"అయ్యో." కుర్చీ కింద పెట్టాడు. "నీక్కూడ తెల్వదా మరి?"

"తెలుసు."

అర్థం కాలేదతనికి. నన్ను అనుమానించడం రాదు కాబట్టి అర్థం కావడానికి టైము పట్టింది. నేనే చెప్పాల్సి వచ్చింది.

"నీదనుకున్న. నీ కోసం తెచ్చుకున్నవనుకున్న. కావాలనే రాసిన."

జాషువా కొంచెంసేపు నా చేతుల వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతను వంగి, కింద పెట్టిన కుర్చీ తీసి, మిగతా వాటి మీద పెట్టి, దుమ్ము చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"స్తుతికి చెప్పకండి" అన్నాడు. "మీ చేతి రాత అని మస్తు మురుస్తున్నది."

పద్దెనిమిదేళ్లలో అతను నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

ఇది జరిగి ఐదు నెలలైంది. రాకపోకలు మానలేదు. పండక్కి వస్తాడు, మందిరంలో కలిస్తే చేయి కలుపుతాడు, ఇంట్లో ఏ పని పడినా ముందుంటాడు. "బాగున్నారా" అంటాడు. "కూర్చోండి" అంటాడు. మా అత్త ఒకటి రెండుసార్లు వింతగా చూసింది గానీ అడగలేదు. ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో అని స్తుతి సంతోషపడుతోంది.

నిన్న మా వీధిలో ఎవరింటికో కుర్చీలు దింపడానికి జాషువావాళ్లు వచ్చారు. గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ట్రాలీ మలుపులో ఇరుక్కుంది. జాషువా వెనక నుంచి దాని రేకు మీద చరుస్తూ, "అన్నా, జర ఎనక్కి తియ్యి, నువ్వు సూడకుంటనే తోల్తవ్ గదనే" అని డ్రైవర్ మీద అరుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నాకు జంపయ్య మీద ఎంత కుళ్లు పుట్టిందో చెప్పలేను.